ఇంటి ప్రార్థనకు ఇరవై నిమిషాలు: దేవుని సన్నిధిలో కుటుంబంగా కూర్చోవడం ఎలా

సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోని దీవెన చాలామందికి కంఠతా వచ్చు. "యెహోవా నీకు తన సన్నిధిని ప్రకాశింపజేసి నిన్ను కరుణించునుగాక" అని. మన తెలుగు బైబిల్లో అక్కడ సన్నిధి అని ఉన్నచోట హెబ్రీలో ఉన్న మాటకు ముఖం అని అర్థం. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే ఇంటి ప్రార్థనలో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో సగం తేలిపోతుంది. ఎదురుగా ఒకరు కూర్చుని మన ముఖం చూస్తుంటే ఫోను తీస్తామా? ఆయన్ని కూర్చోబెట్టుకుని పక్కవాళ్లను దెప్పుతామా? అరగంట మనమే మాట్లాడేసి, ఆయన చెప్పేది వినకుండా ఆమేన్ అని లేచిపోతామా?

కింద ఉన్నదంతా కుటుంబ ప్రార్థన గురించే. ఏకాంత ప్రార్థన దారి వేరు, ఆదివారం ఆరాధన దారి వేరు. మూడింటిలో ముందు ఆగిపోయేది మాత్రం కుటుంబ ప్రార్థనే. ఆపితే అడిగేవాళ్లు ఉండరు కదా.

వేళ

తెల్లవారుజాము ప్రార్థనే శ్రేష్ఠమని కూటాల్లో వింటూ ఉంటాం. మంచిదే. కానీ గోదావరి డెల్టాలో అందరి తెల్లవారుజామూ ఒకటి కాదు. రొయ్యల చెరువున్న ఇల్లు చూడండి. రాత్రంతా నీళ్లలోని నాచూ రొయ్యలూ ఆక్సిజన్ వాడేసుకుంటాయి. పొద్దు పొడిచేదాకా కొత్తది పుట్టదు. అందుకే సరిగ్గా తెల్లవారబోయే ముందు ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్లు చూసుకోవాల్సిన మనిషిని చాప మీద కూర్చోబెడితే మోకాళ్లు ఇక్కడ, మనసు చెరువు గట్టు మీద. నాట్ల రోజుల్లో ముఠాతో వెళ్లే ఇల్లాలికి ఆ వేళ కేరేజీ సర్దుకోవడానికే చాలదు. నరసాపురం, అంతర్వేది వైపు వేటకు వెళ్లే ఇళ్లలో అయితే పోటూ పాటూ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంటాయి కాబట్టి గడియారం పెట్టుకున్నా నిలవదు.

అందుచేత ప్రార్థనను గంటకు ముడిపెట్టకుండా రోజూ తప్పనిసరిగా జరిగే ఒక పనికి ముడిపెట్టండి. అన్నిటికన్నా బాగా నిలిచేది రాత్రి అన్నానికి ముందు వేళ. అన్నం, కూర దించాక, కంచాలు పెట్టకముందు. భోజనం అయ్యాక పెట్టుకున్న ఇళ్లలో రెండో వారానికే పిల్లలు చాప మీద నిద్రపోతారు, పెద్దవాళ్లు కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నారో కునుకుతున్నారో తెలియదు. ఆకలి ఉంటే ఇంకో లాభం: ప్రార్థనలు సాగదీయరు.

కువైట్‌లోనో దుబాయ్‌లోనో అమ్మ ఉన్న ఇళ్లు కోనసీమలో చాలా ఉన్నాయి. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. ఇక్కడ రాత్రి 8:30 అంటే కువైట్‌లో సాయంత్రం 6. ఇళ్లలో పనిచేసేవాళ్లకు అది ఊపిరాడని వేళ. రోజూ ఫోనులో కలపాలని పట్టుబట్టకండి. వారానికి ఒక్కసారి, ఆమెకు సెలవు దొరికే రోజున కలపండి. మిగతా రోజుల్లో అక్కడ ఆమె, ఇక్కడ మీరు అదే అధ్యాయం చదివితే చాలు.

చోటు, సామాను

గది ప్రత్యేకంగా ఉండనక్కరలేదు. రోజూ అదే మూల, అదే చాప అయితే సరి. రెండు బైబిళ్లు ఉంచుకోండి. ఒకటి పెద్ద అక్షరాలది, కళ్లజోడు వెతుక్కునే మామ్మగారి కోసం. పాటలకు కీర్తనల పుస్తకం ఒకటి, నోటుపుస్తకం ఒకటి, పెన్ను ఒకటి. బైబిలు నేల మీద పెట్టడం మన ఇళ్లలో ఎవరికీ మనసొప్పదు. ఒక పీట వేయండి. ఆ పీట మీద కరెంటు బిల్లులూ మందుల చీటీలూ పేరుకోకుండా చూసుకోవాలి, లేకపోతే నెలలో అది అల్మారా అయిపోతుంది.

టీవీ మ్యూట్ చేస్తే చాలదు, స్విచ్ కట్టేయండి. కదిలే బొమ్మ వైపు పిల్లల కళ్లు వెళ్లిపోతాయి, నిజానికి పెద్దవాళ్లవి కూడా. ఫోన్లు పక్క గదిలో ఒక బుట్టలో పడేయండి. ఫోనులో బైబిలు ఉందిగా అంటారు. ఉంది, దాంతోపాటు వాట్సాప్ కూడా ఉంది. కరెంటు పోయిన రాత్రుల కోసం బైబిల్లోని 23, 121 కీర్తనలు ఇంట్లో అందరికీ నోటికి వచ్చేలా ముందే నేర్పించండి. గాలివాన రోజుల్లో కొవ్వొత్తి దొరికేలోపు అవే ఆ పూట వాక్యం.

మైకు వద్దు. ఇల్లంతా కలిపి ఐదుగురికి మైకెందుకు? నెలకోసారి ఇంట్లో కూటం పెట్టుకున్నా బయటికి వినిపించేలా పెట్టకండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనలే చెబుతున్నాయి. పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్ల ఉండగా అంతవరకూ కూడా ఆగనక్కరలేదు.

కూర్చునే ముందు

మత్తయి 5:23, 24లో ప్రభువు చెప్పిన క్రమం ఒకసారి చూడండి. బలిపీఠం దాకా వచ్చాక సహోదరునితో తగాదా గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్లి సమాధానపడాలి. ఇంట్లో ఇది అక్షరాలా పాటించదగ్గది. ఆ రోజు మాట పట్టింపు వచ్చినవాళ్లు చాప మీదికి రాకముందే, వంటింట్లోనో వసారాలోనో, ఒక మాట అనుకోవాలి. "పొద్దున గట్టిగా అన్నాను, తప్పు నాదే" అన్నంత మాట చాలు. పెద్దవాళ్లు పిల్లలతోనూ అనాలి. ఇది జరగని రాత్రి ఏమవుతుందంటే తగాదా ప్రార్థనలోకి దూరుతుంది. "ప్రభువా, ఈ ఇంట్లో పెద్దలను గౌరవించని మనసులను మార్చుము" అని అత్తగారు కళ్లు మూసుకుని అంటారు. అది ఎవరికి చేరాలో వాళ్లకే చేరుతుంది, పైకి వెళ్లదు.

ఇరవై నిమిషాల క్రమం

మొదటి నిమిషం మౌనం. "యెహోవా తన పరిశుద్ధాలయములో ఉన్నాడు, ఆయన సన్నిధిని లోకమంతయు మౌనముగా ఉండును గాక" అన్న హబక్కూకు 2:20 ఒకరు చెప్పి ఆగిపోవాలి. అలవాటు లేనివాళ్లకు నిమిషం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, కసరకండి. నెమ్మదిగా పది ఊపిర్లు లెక్కపెట్టమంటే కుదురుతారు. ఈ నిమిషం ఎగరగొట్టి తిన్నగా పాటలోకి దూకితే చెరువూ, బడీ, అప్పూ అన్నీ పాటలోకి వెంట వస్తాయి.

తర్వాత ఒక పాట, నాలుగు నిమిషాలు. రెండు పాటలు వద్దు. పాత కీర్తనలు ఎంచుకుంటే పుస్తకంలో పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి గానీ స్వరాలు ఉండవు. అంటే పాట వరస పెద్దవాళ్ల గొంతులోనే ఉంది. మామ్మగారికి వచ్చిన కీర్తనలు నెలకు రెండు చొప్పున, పల్లవి, ఒక్క చరణం, తాళం వేస్తూ పాడించి ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. అలా దాచకపోతే కొన్ని ఇళ్లలో సాహిత్యం పుస్తకంలో ఉండి వరస మాయమైపోతుంది. పాట ఎత్తుకునేటప్పుడు తరచూ జరిగే పొరపాటు శ్రుతి. పల్లవి కింద ఉంటుంది కదా అని హుషారుగా ఎత్తుకుంటారు, చరణం పైకెళ్లేసరికి మగవాళ్లు ఆగిపోతారు, పిల్లలు అరుస్తారు. ముందు చరణంలో అన్నిటికన్నా పైకెళ్లే చోటు లోగొంతులో అనుకుని చూసుకోండి. అది అందరికీ అందితే అదే శ్రుతిలో పల్లవి ఎత్తుకోండి. కంజిర ఉంటే బాగుంటుంది. రికార్డు పాట పెట్టి దాంతోపాటు పాడొద్దు, వాళ్లు పాడతారు, మీరు వింటారు.

వాక్యానికి ఎనిమిది నిమిషాలు: నాలుగు చదవడానికి, నాలుగు చెప్పుకోవడానికి. ఇక్కడే ఎక్కువ తప్పులు జరిగేది కాబట్టి కాస్త వివరంగా.

బైబిలు తెరిచి ఏ పేజీ వస్తే అది చదవడం మానేయండి. ఒక పుస్తకం పట్టుకుని చివరిదాకా పొండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మార్కు సువార్తతో మొదలుపెట్టవచ్చు. 16 అధ్యాయాలే, రోజుకు 15 నుంచి 20 వచనాలు చదివితే సుమారు 40 రోజులు. తర్వాత బైబిల్లోని కీర్తనలు, రోజుకొకటి. 119వ కీర్తన ఎదురైనప్పుడు కంగారుపడొద్దు. 176 వచనాలున్నా అది ఎనిమిదేసి వచనాల 22 భాగాలుగా ఉంది, రోజుకొక భాగం చదవండి. సామెతలు 31 అధ్యాయాలు, ఏ తేదీకి ఆ అధ్యాయం సరిపోతుంది. కానీ అధ్యాయం మొత్తం చిన్నపిల్లలకు ఎక్కువవుతుంది. అందులో మూడు సామెతలు ఏరి చదివితే నయం.

పంటను బట్టి చదవడం డెల్టాలో బాగా అతుకుతుంది. కాలువలకు నీళ్లు వదిలి సార్వా (మొదటి పంట) నారుమళ్లు పోసే రోజుల్లో 65వ కీర్తన చివరి ఐదు వచనాలు చదవండి. దుక్కులు తడవడం, గనిమలు (గట్లు) చదునవడం గురించిన కీర్తన అది. దౌలేశ్వరం ఆనకట్ట నీళ్లు తాగే ఊళ్లో దాన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. కోతల రోజుల్లో రూతు గ్రంథం. నాలుగే అధ్యాయాలు, వారంలో అయిపోతుంది. అందులో రూతు పరిగె ఏరుకోవడం ఉంది. కోత మిషన్లు వచ్చాక పుట్టిన పిల్లలకు పరిగె అంటే తెలియదు, ఆ మాట మామ్మగారిచేత చెప్పించండి. కోసిన చేలో రాలిన వెన్నులు ఏరుకోవడం పేదవాళ్ల హక్కని తెలిస్తేనే ఆ పొలం యజమాని బోయజు మంచితనం అర్థమవుతుంది.

భాష సంగతి. మన ఇళ్లలో చదివే పాత అనువాదం గ్రాంథికం. పెద్దవాళ్ల చెవికి ఇంపుగా ఉంటుంది, దాన్ని మార్చమని చెప్పడం లేదు. కానీ చదివాక పదేళ్లు దాటిన పిల్ల ఎవరైనా అదే సంగతిని ఇంటి మాటల్లో తిరిగి చెప్పాలి. రెండు నిమిషాలు చాలు. అప్పుడు బయటపడుతుంది ఏ మాట ఎక్కడ అడ్డం పడిందో. "మీకు సమాధానము కలుగునుగాక" అంటే బడిలో ప్రశ్నకు జవాబు లాంటిదే అనుకునే పిల్లలు ఉంటారు. బైబిల్లో సమాధానము అంటే శాంతి, నెమ్మది. అతిక్రమము, విమోచన లాంటి మాటలకు కూడా ఇంటి అర్థం చెప్పండి.

తర్వాత ఒక్క ప్రశ్న: "ఇందులో దేవుడు ఎలాంటివాడని కనబడింది?" "మనం ఏం చేయాలి?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే ప్రతి రాత్రీ అది పిల్లల హోంవర్కు మీదికీ తండ్రి సిగరెట్టు మీదికీ వెళ్లి ఆగుతుంది. ముందు ఆయన ముఖం చూడాలి కదా. జవాబు రాకపోతే ప్రసంగం మొదలుపెట్టకండి, ముందుకెళ్లండి. పాస్టరు గారు ఆదివారం చెబుతారు.

ప్రార్థన ఆరు నిమిషాలు. ముందు స్తుతి, ఆ రోజు జరిగిన ఒక్క సంగతి పేరు పెట్టి. "నీవు చేసిన మేలులన్నిటికీ" అని గంపగుత్తగా కాదు, "ఈ పూట అప్పు కట్టగలిగినందుకు" అని. తర్వాత ఒప్పుకోలు. ఇది ఎవరికి వారు మౌనంగా, అర నిమిషం. పిల్లలచేత వాళ్ల తప్పులు అందరి ముందు పైకి చెప్పించకండి. అలా చేస్తే అబద్ధాలు నేర్చుకుంటారు. తర్వాత విజ్ఞాపన, అంటే ఇతరుల కోసం వేడుకోవడం. నోటుపుస్తకం ఇక్కడికే. నాలుగు గడులు గీయండి: తేదీ, ఎవరికోసం, ఏమిటి, ఏమైంది. రోజుకు మూడు పేర్లే తీసుకోండి, ఒకటి ఇంట్లోది, ఒకటి వీధిలోది, ఒకటి దూరానిది. నాలుగో గడిలో "కాలేదు" అని కూడా నిజాయితీగా రాయండి. మంచి జరిగినవే రాసే పుస్తకాన్ని పిల్లలు పెద్దయ్యాక నమ్మరు. ఇతరుల గుట్టు ఆ పుస్తకంలోకి రాకూడదు. ఫలానా ఆవిడ మొగుడి తాగుడు గురించి ప్రార్థించాలంటే పేరు చాలు, కథ దేవుడికి తెలుసు.

ఒక్కొక్కరికి ఒక నిమిషం. పెద్దాయన ఒక్కరే పది నిమిషాలు ప్రార్థించే ఇళ్లలో మిగతావాళ్లు ఆమేన్‌కు మాత్రమే మేలుకుంటారు. చిన్నవాళ్లు ఒక్క వాక్యం అన్నా చాలు. ఆ వాక్యం రోజూ ఒకటే అయినా దిద్దకండి.

చివరి నిమిషం ప్రభువు ప్రార్థన ("పరలోకమందున్న మా తండ్రీ"), అందరూ కలిసి, తొందర లేకుండా. దాని తర్వాత ఇంట్లో పెద్దవారు పిల్లల తలల మీద చేయి వేసి మొదట్లో చెప్పిన సంఖ్యాకాండం 6:24-26 దీవెన పలకాలి. ఇది చాలా ఇళ్లలో లేని అలవాటు, దీన్ని మాత్రం మొదలుపెట్టమని గట్టిగా చెబుతాం.

వేరువేరు సంఘాల వాళ్లు ఒకే ఇంట్లో ఉంటే

గోదావరి జిల్లాల్లో ఇది మామూలు. 1836లో ఇండియాకు వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్‌లు నరసాపురం, పాలకొల్లుల్లో వేసిన బ్రదరన్ పాదు ఒకవైపు, రాజమండ్రి చుట్టూ లూథరన్లు, కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులు నిలబెట్టిన సంఘాలు, తర్వాత సిఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), పెంతెకొస్తు, కథోలికులు. సంబంధాలు కలుపుకునేటప్పుడు ఇవన్నీ ఒక చాప మీదికి వస్తాయి. లూథరన్ ఇంటి నుంచి వచ్చిన కోడలికి రాసిన ప్రార్థన చదవడం భక్తి. పెంతెకొస్తు అత్తగారికి అది చల్లారిన అన్నం. అత్తగారి పద్ధతిలో అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తే కోడలికి ఎటు వినాలో తెలియదు. వాదించి తేలే విషయం కాదిది. పైన చెప్పిన క్రమంలో ఒప్పుకోలు మౌనంగా, స్తుతి గొంతెత్తి పెట్టుకోండి. ప్రభువు ప్రార్థన ఎలాగూ అందరిదీ. మోకరించడం, కూర్చోవడం, ముసుగు వేసుకోవడం ఎవరి అలవాటు వాళ్లకు వదిలేయండి. బాప్తిస్మం గురించిన చర్చ చాప మీద వద్దు.

పిడికెడు బియ్యం

మన సంఘాల్లో ఆడవాళ్లు పాతకాలం నుంచీ చేస్తున్నది ఇది. ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం. పిడికెడు సుమారు 50 గ్రాములు. రెండు పూటలా వేస్తే వారానికి 700 గ్రాములు, ఆదివారం గుడికి తీసుకెళ్లేది అదే. ఇప్పుడు నోటు వేయడం తేలికని చాలామంది మానేశారు. కానీ ఆరాధనను వంటింటి దాకా తీసుకొచ్చే పని నోటు చేయలేదు. డబ్బాకు గట్టి మూత ఉండాలి, లేకపోతే వానాకాలంలో పురుగు పడుతుంది. వేప ఆకులు ఎండబెట్టి వేయండి. ఎసట్లో పోయకముందే తీయాలి, మిగిలితే వేద్దామంటే మిగలదు.

దుఃఖం ఉన్న ఇంట్లో

చావు జరిగిన ఇంట్లో, వరదకు చేను పోయిన ఇంట్లో, మొదటి రోజే స్తుతి పాటలు ఎత్తుకోకండి. పరామర్శకు వచ్చేవాళ్లు "అన్నీ మేలుకొరకే" అని వచనం అందుకుంటారు. అది నిజమే అయినా ఆ రోజుకు తగిన మాట కాదు. బైబిల్లో ఏడ్చే కీర్తనలు ఉన్నది అందుకే. 13వ కీర్తన ఆరు వచనాలు, "ఎన్నాళ్లవరకు" అన్న ప్రశ్నతో మొదలవుతుంది. 88వ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది, వెలుగు మాట ఒక్కటీ చివర రాదు. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ కీర్తన ఎందుకు ఉందో చెప్పనక్కరలేదు. చదివి, మౌనంగా కూర్చుని, ప్రభువు ప్రార్థనతో ఆపేయండి. ఐదు నిమిషాలు. పాట మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ ఇంటివాళ్లే చెబుతారు.

శనివారం రాత్రి

ఆదివారం ఆరాధన పాడయ్యేది ఆదివారం పొద్దున్న కాదు, శనివారం రాత్రి. బట్టలు ఇస్త్రీ చేసి, కానుక కవర్లో పెట్టి, పిడికెడు బియ్యం సంచిలో పోసి, బండిలో పెట్రోలు చూసుకుని పడుకోండి. ఆ రాత్రి ఇంటి ప్రార్థనలో రేపటి వాక్యభాగం తెలిస్తే అదే చదవండి. గుడికి పావుగంట ముందు చేరడం పెట్టుకోండి. మూడో పాటకు లోపలికి వచ్చి చెప్పులు ఎక్కడ విప్పాలా అని వెతుక్కుంటే ఆరాధనకు వచ్చినట్టుండదు, బస్సెక్కినట్టుంటుంది.

గాడి తప్పితే

తప్పుతుంది. పండగలు, పెళ్లిళ్లు, దాళ్వా (రెండో పంట) కోతలు, చెరువు పట్టుబడి, ఎవరికో ఆసుపత్రి. ఇలా పది రోజులు ఆగిపోయాక మళ్లీ మొదలుపెట్టడానికి ఎక్కువమందికి అడ్డం వచ్చేది బద్ధకం కన్నా సిగ్గు. రేపటి నుంచి గంటసేపు చేద్దాం, ఉపవాసం కూడా పెడదాం అని పెద్ద తీర్మానాలు చేస్తారు, మూడో రోజుకు మళ్లీ ఆగుతుంది. అలా వద్దు. మొదటి రాత్రి 117వ కీర్తన చదవండి, రెండే వచనాలు. ప్రభువు ప్రార్థన చేయండి, పిల్లల తల మీద చేయి వేయండి. మూడు నిమిషాలు. రెండో రాత్రి పాట కలపండి. మూడో రాత్రి బైబిల్లో గుర్తు పెట్టుకున్న చోటికి వెళ్లి అక్కడి నుంచే చదవండి. తప్పిపోయిన పది రోజుల వచనాలు కలిపి ఒకే రాత్రి చదవకండి, పిల్లల అన్నం చల్లారిపోతుంది.